దారి మూసిన నీళ్లే జీపును తింటున్నాయి

ఇరవై ఏళ్లు దాటిన కార్లు, జీపుల రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజును కేంద్రం 2025 ఆగస్టులో పది వేల రూపాయలకు పెంచింది. అప్పటి నుంచి పాత బండి ఉన్న ఇళ్లలో ఒకటే సలహా వినిపిస్తోంది: తూకానికి అమ్మేయండి. ములుగు, భూపాలపల్లి, ఏటూరునాగారం వైపు ఇంకా తిరుగుతున్న మహీంద్రా ఎంఎం 540లు, కమాండర్లు, మారుతి జిప్సీలు ఈ లెక్కన రేపో మాపో తుక్కు దుకాణానికి చేరాల్సినవే. ఇంజిన్ పోయిందని ఎవరూ అనరు. బోరింగ్ చేయిస్తే అది మళ్లీ నడుస్తుందని అందరికీ తెలుసు. 'బాడీ తుప్పు పట్టింది, ఇక లాభం లేదు' అన్నదే తీర్పు. ఆ తీర్పు తప్పు. బండి ముసలిదైనందుకు రేకు చిల్లు పడదు. లోపలికి వచ్చిన నీళ్లు బయటికి పోలేక నిలిచిపోతే చిల్లు పడుతుంది. దారి తెరిచి, చెడిన రేకు కోసి, కొత్తది అతికితే ఆ బండిని ఇంటి వాకిట్లోనే నిలబెట్టొచ్చు.

తుప్పు ఎక్కడ పడుతుందో చూస్తే ఈ మాట అర్థమవుతుంది. బానెట్ ఏళ్ల తరబడి ఎండకు ఎండి, వానకు తడిసినా నిలుస్తుంది. పోయేవి డ్రైవర్ కాళ్ల దగ్గర రబ్బరు మ్యాటు కింది ఫ్లోరు, వెనక తలుపు కింది మడత, ముందు అద్దం ఫ్రేము అడుగు, బాడీ చాసిస్ (కింది ఇనుప చట్రం) మీద కూర్చునే మౌంటింగులు, వెనక కమాన్ పట్టీల చివరి కొలికి (షాకిల్) తగిలే చోటు. అన్నీ తడి నిలిచే మూలలే. పొలాల్లో తిరిగే బండికి మన నల్లరేగడి ఒక్క వానాకాలంలో నీళ్లు కారే రంధ్రాలన్నింటినీ పూడ్చేస్తుంది. పైన ఎండ కాస్తున్నా ఆ బురద కింద రేకు తడిగానే ఉంటుంది. దానికి తోడు ఎరువు బస్తాలు. పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్. చిరిగిన సంచిలోంచి తడి ఫ్లోరు మీద రాలిన గుప్పెడు పొటాష్, సముద్రానికి ఇంత దూరంలో ఉన్న మన జీపుకు తీరప్రాంతపు తుప్పును తెచ్చిపెడుతుంది.

ఇప్పుడు 'డెంటింగ్, పెయింటింగ్' పేరిట జరిగే పని చూడండి. వైర్ బ్రష్‌తో పైపైన గీకుతారు, చిల్లు మీద పుట్టీ నింపుతారు, రంగు కొడతారు. పుట్టీ తడిని పీలుస్తుంది. ఇనుము తుప్పుగా మారినప్పుడు ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. అందుకే రెండు వానాకాలాలు తిరక్కముందే రంగు పొక్కులు లేస్తుంది. పొక్కు వచ్చిందంటే వెనక రేకు ఎప్పుడో పోయిందన్నమాట. చిన్న సుత్తితో తట్టి చూడండి. మంచి రేకు ఖంగుమంటుంది, చెడింది దబ్‌మంటుంది. పాత స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడవండి. దిగిన చోటల్లా సుద్దతో గీయండి. గీత ఎంత పెద్దదైనా భయపడక్కర్లేదు.

కోయడంలో పిసినారితనం పనికిరాదు. గీతకు కనీసం ఒక అంగుళం అవతల, మెరిసే మంచి ఇనుము తగిలేదాకా నాలుగంగుళాల గ్రైండర్‌కు 1 మి.మీ. కటింగ్ డిస్క్ వేసి కోయాలి. దానికంటే ముందు బ్యాటరీ తీగలు విప్పాలి, డీజిల్ ట్యాంకు దించి దూరంగా పెట్టాలి. ఖాళీ ట్యాంకని ధీమా వద్దు. అందులోని ఆవిరి అంటుకుంటుంది, పెట్రోల్ జిప్సీకైతే మరీ ప్రమాదం. ఫ్లోరుకు 18 గేజ్, అంటే దాదాపు 1.2 మి.మీ. కోల్డ్ రోల్డ్ రేకు సరిపోతుంది. ముందు అట్టముక్క మీద నమూనా కత్తిరించుకోండి. అతుకు ముక్క మూలలు గుండ్రంగా ఉండాలి. మొనదేలిన మూల దగ్గరే చీలిక మొదలవుతుంది. ఇక వెల్డింగ్. ఇంత పలచని రేకును మామూలు ఆర్క్ రాడ్డు కాల్చి చిల్లు పెడుతుంది. 0.8 మి.మీ. తీగతో అతికే మిగ్ వెల్డింగ్ మిషన్ కావాలి. అంగుళానికో చుక్క పెట్టి, ఎదురు అంచుకు వెళ్లి మరో చుక్క పెట్టి, చేయి తాకేంత చల్లారాక మధ్య ఖాళీలు నింపాలి. ఒకే గీతగా లాగితే వేడికి రేకు అప్పడంలా వంకర్లు పోతుంది. మిగ్ మిషన్ లేకపోతే కొలత, కోత, వంపు ఇంట్లో చేసుకుని అతుకులు మాత్రం ఆటోనగర్‌లో వేయించుకోండి. గంటల తరబడి పట్టే పని మీరే చేశారు కనుక మజూరీ బాగా తగ్గుతుంది.

చాసిస్ దగ్గర వేరే నియమం. తుప్పు మీద పట్టీ వేసి మూయడం అన్నిటికంటే పెద్ద నేరం, రెండు ఇనుముల సందులో నీళ్లు చేరి రెండింటినీ తింటాయి. చెడింది పూర్తిగా కోసి 3 మి.మీ. ప్లేటు వేయాలి. బలం కోసం వేసే అదనపు ప్లేటు డైమండ్ ఆకారంలో, అంచులు వాలుగా ఉండాలి. అడ్డంగా నిలువు గీతలా అతుకు పడితే గోతిలో దిగినప్పుడు చాసిస్ సరిగ్గా అక్కడే విరుగుతుంది. చాసిస్ నంబరు కొట్టిన చోట గ్రైండర్ తాకకూడదు, అది చెరిగితే ఆర్టీఏ ఆఫీసులో బండికి గుర్తింపే ఉండదు. కమాన్ పట్టీల యూ బోల్టులు విప్పితే కొత్తవే వేయండి. తుప్పు పట్టిన బ్రేకు పైపులను గీకి రంగు వేయొద్దు, మార్చండి.

మన దగ్గర అలవాటైన మరో పొరపాటు బాత్రూం యాసిడ్. దాంతో తుప్పు నిమిషాల్లో పోతుంది, కానీ అది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అతుకుల్లో మిగిలిన క్లోరైడ్ వారం తిరక్కుండా కొత్త తుప్పు పుట్టిస్తుంది. ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ రిమూవర్ వాడి, కడిగి, ఆరబెట్టి, అదే రోజు ప్రైమర్ వేయాలి. కీళ్లు, బ్రాకెట్ల వంటి చిన్న సామాన్లకు ఇంకా తేలిక దారి ఉంది. పది లీటర్ల నీళ్లలో రెండు మూడు పెద్ద చెంచాల బట్టల సోడా కలిపి, 12 వోల్టుల చార్జర్ నెగటివ్ తీగ సామానుకు, పాజిటివ్ తీగ పాత ఇనుప ముక్కకు తగిలించి గాలి ఆడే చోట రాత్రంతా ఉంచితే చాలు. పాజిటివ్ వైపు స్టీలు చెంచా, స్టీలు పళ్లెం వాడొద్దు, నీళ్లలోకి విషపు క్రోమియం దిగుతుంది. రెడాక్సైడ్ ప్రైమర్ ఒక్కటే వేసి వదిలేస్తే తడి లోపలికి పోతుంది. రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ ప్రైమర్ వేయండి, అతుకుల మీద సందులు మూసే పీయూ (పాలీయురేథేన్) సీలెంట్ లాగండి, పుట్టీ అవసరమైతే ఆ పైన, 3 మి.మీ. మించకుండా పూయండి. రంగు ఏదైనా మీ ఇష్టం, ఆలివ్ గ్రీన్ తప్ప. దాన్ని కేంద్ర మోటారు వాహన నిబంధనలు సైన్యానికే పరిమితం చేశాయి.

పాత డీజిల్ బండి పొగ చిమ్ముతుంది, ఎయిర్‌బ్యాగులు లేవు అంటారు. నిజమే. ఊపిరాడని పొగ వదిలే బండిని ఫిట్‌నెస్ పరీక్షలో ఆపాల్సిందే. కానీ నెలకు నాలుగుసార్లు పొలం గట్టుకు వెళ్లే జీపుకూ, రోజంతా నగరంలో తిరిగే కారుకీ ఒకే కొలత పెట్టి, పుట్టిన తేదీ చూసి ఫీజు వేయడం న్యాయం అనిపించుకోదు. పరీక్షించాల్సింది చాసిస్‌ను, బ్రేకులను, పొగను.

ఈ పైపూత జబ్బు జీపులతో ఆగలేదు. కాకతీయులు పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు తవ్వినప్పుడు కట్టతో పాటు తూము, మత్తడి కూడా కట్టారు. నీళ్లను ఆపేవాడు వాటిని వదిలే దారి కూడా చూడాలని వాళ్లకు తెలుసు. మనం నాలాల మీద ఇళ్లు లేపి, చెరువు శిఖం భూముల్లో ప్లాట్లు చేసి, పైన కొత్త రోడ్డు పోసి రంగులు వేసుకున్నాం. 2020 ఆగస్టులో, 2023 జూలైలో హన్మకొండ, వరంగల్ కాలనీలు ఎలా మునిగాయో అందరూ చూశారు. ట్యాంక్‌బండ్ మీద లైట్లకు, సెల్ఫీ పాయింట్లకు పెట్టే డబ్బు ముందు నాలా పూడిక తీయడానికి పెట్టమంటే అధికారులకు చిరాకు. పూడిన రంధ్రాల మీద నల్లటి అండర్‌బాడీ కోటింగ్ కొట్టి బిల్లు రాసే షెడ్డుకూ, ఈ పద్ధతికీ నాకు తేడా కనిపించదు. రెండుచోట్లా నీళ్లు లోపలే ఉన్నాయి, పైన మెరుపు ఉంది.

కాబట్టి కోటింగ్‌కు డబ్బు కట్టేముందు, మృగశిర రాకముందే బండిని కాస్త ఏటవాలుగా నిలిపి మ్యాట్లు తీసి ఫ్లోరు మీద రెండు బకెట్ల నీళ్లు పోయండి. ఎక్కడ కారిందో, ఏ మూల నిలిచిందో గుర్తు పెట్టండి. పూడిన రంధ్రాలను ఇనుప తీగతో పొడిచి, లోపలి మట్టి పైపు నీళ్లతో తోసేయండి. ఫ్లోరులో నీళ్లు నిలిచిన చోట 10 మి.మీ. బిట్‌తో కొత్త రంధ్రం చేసి, దాని అంచుకూ ఎపాక్సీ పూయండి. చాసిస్‌లో మాత్రం కొత్తవి వేయకండి, అది బలహీనపడుతుంది. ఉన్నవి తెరిస్తే చాలు.