నయాపూల్ నుంచి చార్మినార్‌కు: హెరిటేజ్ వాక్‌ను తిప్పి నడిపిద్దాం

హైదరాబాద్ పాతబస్తీలో హెరిటేజ్ వాక్ అంటే సాధారణంగా చార్మినార్ దగ్గర మొదలు. మొదటి పావుగంట కులీ కుతుబ్ షా, భాగమతిల కథకే పోతుంది. చరిత్రకారులు ఇప్పటికీ తేల్చని ప్రేమకథ అది. వినడానికి బాగుంటుంది, కాదనలేం. కానీ 1591 నాటి కట్టడాన్ని ఎదురుగా పెట్టుకుని, అది దేనితో కట్టారో చెప్పకపోతే నిలబడి హరికథ విన్నట్టే.

దారిని తిప్పేస్తే సగం ఇబ్బంది తీరుతుంది. ఉదయం ఏడింటికి నయాపూల్ దగ్గర మొదలెట్టాలి. మూసీకి ఒక ఒడ్డున విన్సెంట్ ఎష్ రూపకల్పన చేసిన హైకోర్టు, అవతలి ఒడ్డున ఉస్మానియా ఆసుపత్రి. 1908 వరద తర్వాత నగరాన్ని ఎలా తిరగరాశారో ఇక్కడే చెప్పాలి. తర్వాత మదీనా కూడలి మీదుగా పత్తర్‌గట్టీ బజారు. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు కట్టించిన రాతి కమాన్ల వరుస, కింద దుకాణాలు. బేరాలు మొదలయ్యాక బోర్డులు, వేలాడే బట్టలు తప్ప కమాన్లు కనిపించవు. షట్టర్లు దించి ఉన్న పొద్దుటి పూటే దాని అందం.

గుల్జార్ హౌజ్, చార్ కమాన్లు దాటి తొమ్మిదింటికి చార్మినార్ చేరితే పైకెక్కే టికెట్లు మొదలవుతాయి. అదే ఏడింటికి అక్కడ మొదలుపెడితే తాళం వేసిన గేటే గతి. మొత్తం నడక కిలోమీటరుకు అటూ ఇటూ. గుంపు పదిహేను మందిని మించితే వెనకవాళ్లకు వినిపించేది ఆటో హారన్లే. శుక్రవారం వద్దు: మక్కా మసీదులో ప్రార్థనల రద్దీ, చౌమహల్లా ప్యాలెస్‌కు సెలవు.

అసలు పాఠం చార్మినార్ దగ్గరే. పైన కనిపించే పూలు, తీగలు చాలావరకు రాతిలో చెక్కినవి కావు, గచ్చుపని, అంటే సున్నపు పూతతో మలిచినవి. గానుగలో నూరిన డంగు సున్నానికి ఇసుక, బెల్లం నీళ్లు, కరక్కాయ వంటివి కలపడం పాత మేస్త్రీల పద్ధతి. ఈ పూత వానకు తాగిన తడిని ఎండకు వదిలేస్తుంది. దాని మీద సిమెంట్ పూస్తే ఆ దారి మూసుకుపోతుంది. తడి లోపలే చిక్కి, లవణాలు పొంగి, చివరికి సిమెంట్ పెచ్చు పాత సున్నాన్నీ పట్టుకుని ఊడుతుంది. గైడు సంచీలో ఒక సున్నపు ముక్క, ఒక సిమెంట్ ముక్క, నీళ్ల సీసా ఉంటే చాలు. చుక్క వేసి చూపిస్తే ఏది ఎంత త్వరగా పీలుస్తుందో పిల్లలకైనా అర్థమవుతుంది. ఇది చూపడానికి సరైన చోటు మక్కా మసీదు వైపున్న మినార్. 2019 మేలో గచ్చు పెచ్చు రాలింది దాని నుంచే.

గైడుల శిక్షణలో రాజవంశాలు, తేదీలు బోలెడు. సున్నం సంగతి మాత్రం దాదాపు ఉండదు. కుతుబ్ షాహీ సమాధుల పునరుద్ధరణలో గత శతాబ్దపు సిమెంట్ పూతలు తీసేసి మళ్లీ సున్నం పూశారు. అంటే ఆ పని చేతికొచ్చిన మేస్త్రీలు మనకు ఉన్నారు. కూలీ గిట్టేలా ఇచ్చి, వారం రోజులు గైడులను వాళ్ల దగ్గర కూర్చోబెట్టాలి.