జార్జియా రోడ్డు పక్క యుద్ధ ఫలకం గారికి

అయ్యా ఫలకం గారూ,

నమస్కారాలు. 1860లలో అమెరికా ఉత్తరాది, దక్షిణాది కొట్టుకున్న అంతర్యుద్ధం కథ చెప్పే ఫలకాలు మీరు. ఆకుపచ్చ ఒళ్లు, ఉబ్బెత్తు అక్షరాలు, నెత్తిన రాష్ట్ర ముద్ర. అట్లాంటా చుట్టుపక్కల ఎటు వెళ్లినా మీరో మీ అన్నదమ్ములో ఎదురవుతూనే ఉంటారు. మా తెలుగువాళ్లు ఆల్ఫరెట్టాలో ఇల్లు కొనుక్కున్నా, రివర్‌డేల్ వెంకన్న గుడికి వెళ్లినా మీ ఇలాకాలోనే తిరుగుతుంటారు. అయినా మిమ్మల్ని చూడనివాళ్లు లేరు, చదివినవాళ్లూ లేరు. గంటకు 45 మైళ్ల వేగంతో బళ్లు పోయే రోడ్డు పక్కన, ఆపుకోడానికి చోటు లేని మలుపులో, అంత చిన్న అక్షరాలతో నిలబడితే ఎవరు చదువుతారండీ? టైరు పంక్చరైన భక్తులకే మీ పూర్తి దర్శనం.

నేను మాత్రం పక్క సందులో కారు పెట్టి మరీ వచ్చి చదివాను. ఏ కోర్ (కొన్ని డివిజన్లు కలిసిన పెద్ద దళం) ఎప్పుడు బయల్దేరింది, ఏ డివిజన్ ఏ చర్చి దగ్గర కుడికి తిరిగింది, ఎవరి అశ్వదళం ఏ రేవు దాటింది, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పారు. 1864 ఆగస్టు నెలాఖరున యూనియన్ (ఉత్తరాది) సేనాని షెర్మన్ ఒక్క కోర్‌ను వెనక ఉంచి, మిగతా సైన్యాన్ని అట్లాంటాకు పడమటగా చుట్టు తిప్పి జోన్స్‌బరో మీదికి పంపాడు. ఆ వెంకన్న గుడికి అదెంతో దూరం కాదు. అక్కడ రైలు దారి తెగాక కాన్ఫెడరేట్ (విడిపోయిన దక్షిణాది) సేనాని హుడ్ అట్లాంటా ఖాళీ చేశాడు, సెప్టెంబర్ 2న ఊరు లొంగిపోయింది. ఇంత కథలో మీరు దారి తప్పిన చోటు లేదు. మా జీపీఎస్‌కి కూడా అంత ఓపిక లేదు.

ఒక్కటే అనుమానం. ఈ జనమంతా అసలు దేనికోసం కొట్టుకున్నారండీ?

మీ వంశంలో ఎక్కువమంది ఆ సంగతి ఎత్తరు. మేనమామల డిగ్రీలతో సహా అచ్చేసి పెళ్లికూతురి పేరు మరిచిపోయిన శుభలేఖలా ఉంటారు. 1860 జనాభా లెక్కల్లో జార్జియాలో బానిసలు 4,62,198 మంది. రాష్ట్ర జనాభాలో దాదాపు 44 శాతం. ఇంతమందికి మీ దగ్గర ఒక్క లైను దొరకలేదు, మేజర్ జనరళ్లకు మాత్రం ఇంటిపేర్లతో సహా దొరికింది.

మీ పుట్టుక తేదీ చూశాక కొంత అర్థమైంది లెండి. మీలాంటి ఫలకాలు నిలబెట్టిన చారిత్రక కమిషన్‌ను రాష్ట్రం పెట్టింది 1951లో. 1954లో తెల్ల పిల్లలకూ నల్ల పిల్లలకూ వేరువేరు బడులు చెల్లవని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 1956లో ఇదే జార్జియా తన జెండాలోకి కాన్ఫెడరేట్ యుద్ధ పతాకాన్ని ఎక్కించింది, 2001 దాకా దింపలేదు. ఆ రోజుల్లో పోతపోసిన ఫలకం బానిసత్వం గురించి మాట్లాడాలంటే కొంచెం టెన్షనే. డివిజన్ ఎడమకి తిరిగిందని చెబితే ఎవరికీ కోపం రాదు. మీలో చాలామందికి మాటలు రాసిపెట్టిన విల్బర్ కర్ట్జ్ గారు అట్లాంటా పోరాటాన్ని ఏళ్లతరబడి శోధించిన మనిషి, ఆయన శ్రద్ధకు నా దండం. శ్రద్ధంతా మ్యాపు మీదే పెట్టారన్నదే నా బాధ.

అట్లాంటాకు ఉత్తరాన ఉన్న రాజ్వెల్ ఊరి సంగతే చూడండి. 1864 జులైలో యూనియన్ సేనాని గారర్డ్ అశ్వదళం అక్కడి మిల్లులు తగలబెట్టింది. ఉన్ని మిల్లు మీద ఫ్రెంచ్ జెండా ఎగరేసి తటస్థులమన్నారట, లోపల మాత్రం కాన్ఫెడరేట్ సైన్యానికి బట్ట నేస్తున్నారు! ఆ తెలివికి నవ్వొస్తుంది గానీ, తర్వాత జరిగినదానికి రాదు. మిల్లులో పనిచేసే సుమారు 400 మందిని, ఎక్కువగా ఆడవాళ్లనూ పిల్లలనూ, దేశద్రోహం నేరం మోపి రైళ్లలో ఉత్తరాదికి తోలేశారు. చాలామంది తిరిగి రాలేదు. వాళ్ల పేరిట ఆ ఊళ్లో ఒక స్తంభం లేచింది 2000లో.

ఇక ఎబెనెజర్ క్రీక్ అనే వాగు. షెర్మన్ సైన్యం సవానా ఊరికి నడిచిన దారిలో, 1864 డిసెంబర్ 9. బానిసత్వం వదిలించుకుని సైన్యం వెంట నడిచొచ్చిన జనం ఇంకా ఇవతలి గట్టునే ఉండగా, ఆ సైన్యంలోని 14వ కోర్ తాను దాటేసి తేలుడు వంతెన ఎత్తేసింది. వెనక కాన్ఫెడరేట్ గుర్రాలు, ముందు చలికాలపు నీళ్లు. ఎంతోమంది మునిగిపోయారు. ఆ ఆజ్ఞ ఇచ్చిన యూనియన్ జనరల్ పేరు జెఫర్సన్ సి. డేవిస్. అవతలి పక్షం అధ్యక్షుడిదీ దాదాపు అదే పేరు, కాబట్టి ఏ తిట్టు ఎవరికి చేరుతుందో చూసుకుని తిట్టాలి. అక్కడ ఫలకం పెట్టింది 2010లో. మీకంటే అర్ధశతాబ్దం చిన్నవాడు, కానీ మీరు మింగేసినది కక్కాడు. ఎప్పుడైనా తీరిక చేసుకుని పలకరించండి.

చివరగా ఒక విన్నపం. ఏదో ఒక రోజు ఏ పికప్ ట్రక్కో మిమ్మల్ని గుద్దుతుంది. మీ కులానికది మామూలే. మిమ్మల్ని తీసుకెళ్లి మళ్లీ పోతపోసేటప్పుడు, ఈ కౌంటీలో ఆ ఏడు ఎవరి పొలంలో ఎవరు బానిసలుగా ఉన్నారో, సైన్యం వచ్చాక ఎటు వెళ్లారో రెండు వాక్యాలు వేయించుకోండి. చోటు చాలదంటారా? ఫలానా డివిజన్ ఫలానా వాగు దగ్గర రాత్రి బస చేసిందన్న లైను తీసేయండి. ఎవరైనా వచ్చి అడిగితే పూచీ నాది.

ఇట్లు,
పక్క సందులో కారు పెట్టినవాడు