గౌరవనీయులైన మూడేళ్ల అంచనాల షీటు గారికి

అయ్యా,

లోన్ ఇచ్చే చోటి నుంచి ఇప్పుడే వచ్చాను. మీ పుణ్యమా అని మధ్యాహ్నమంతా అక్కడే గడిచింది. బల్లకు అవతలున్న ఆయన పెన్ను మూతతో మీ గడినొకదాన్ని తట్టి, "మొదటి ఏడాది వాయిదాలకు ఇంకాస్త వెసులుబాటు కనిపించాలండీ. నెలకు పది శాతం పెరుగుదల చాలదు, పన్నెండు వేయండి" అన్నారు. అక్కడే ల్యాప్‌టాప్ తెరిచి, సున్నా చెరిపి రెండు కొట్టాను. ఎర్రగా ఉన్న గడులన్నీ వరసగా పచ్చబడ్డాయి. అంతసేపూ నడవదన్న వ్యాపారం ఇక నడుస్తుందట!

మీ మహిమకు దండం. చిన్న సందేహం మాత్రం ఉండిపోయింది.

నేను పెట్టబోయేది పాత కుర్చీలు బాగుచేసే పని. మొదటి నెలకు 20 కుర్చీలని రాశాను. ఇంకా షట్టరే ఎత్తని కొట్టుకు ఎవరొస్తారో తెలియక, అదీ గుండె చిక్కబట్టుకునే రాశాను. పది శాతం చొప్పున మీరు దాన్ని 36వ నెలకు 562 చేశారు. పన్నెండు కొట్టగానే 1,056. నెలకు 26 పనిదినాలనుకున్నా రోజుకు నలభై పైచిలుకు. ఎనిమిది గంటలు తలెత్తకుండా చేసినా కుర్చీకి పన్నెండు నిమిషాలు రావు. ఊడిన కాలు బిగించాలంటే ముందు పాత జిగురు గీకాలి, కొత్తది పూయాలి, క్లాంప్ వేసి వదిలేయాలి. అది పూర్తిగా గట్టిపడటానికే దాదాపు ఒక రోజు. మీ పన్నెండు శాతం సంగతి ఆ జిగురుకు ఎవరు చెబుతారు? మీరా?

గడి కింది మూలన ఉన్న చిన్న చతురస్రాన్ని పట్టుకుని పక్కకు లాగితే చాలు, మూడేళ్ల కష్టం క్షణంలో అయిపోతుంది. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ విసికాల్క్ అనే స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాం (మీ పూర్వీకుడే) తెచ్చింది ఒక అంకె మారినప్పుడల్లా మిగతావన్నీ చేత్తో మళ్లీ లెక్కేసే బాధ తప్పించడానికే. తప్పింది. అంతకుముందు అంచనా పెంచాలంటే రబ్బరు అరిగేది, వేళ్లు నొప్పెట్టేవి. అబద్ధానికి కూడా కాస్త ఒళ్లు వంచాల్సి వచ్చేది.

మీ మిగతా వరుసల జోలికి ఎక్కువ పోను. 'యజమాని జీతం' ఎదురుగా ఏడాది పొడుగునా సున్నాలే, వాటిని పెంచి తెమ్మని మాత్రం ఎవరూ అనలేదు. 'లాభం' గారు ఐదో నెలకే పచ్చగా నవ్వుతారు. పని చేయించుకుని 60 రోజులకు డబ్బిస్తామన్న ఆఫీసుల వాళ్లు ఇచ్చేదాకా అద్దె ఎలా కట్టాలయ్యా అంటే పక్క షీటు చూసుకోమంటారు. అక్కడ నగదు నిల్వకు ముందు మైనస్ గుర్తు.

అసలు ఒక్కటి చెప్పు. తెరవని కొట్టు మూడేళ్ల తర్వాత నెలకు ఎన్ని కుర్చీలు చేస్తుందో నీకెలా తెలుసు? నాకు తెలియదు. ఆయనకూ తెలియదు. ఎవరికీ తెలియదన్న సంగతి మాత్రం ఇద్దరికీ తెలుసు. అయినా ఆ గడి ఖాళీగా వదిలితే ఫైలు కదలదు. ఉన్నది ఉన్నట్టు రాస్తే తిరిగొస్తుంది. రేపు వాయిదా తప్పితే "మీరిచ్చిన అంకేగా" అని నా ముందే పెడతారు. నీకేం పోయింది? సేవ్ చేయాలా అని మర్యాదగా అడిగి పడుకుంటావు.

నీ 48వ వరుసంటే మాత్రం నాకు గౌరవమే, అబద్ధమెందుకు. అద్దె, కరెంటు, వాయిదా అన్నీ కలిపి, సామాను ఖర్చు పోగా ఒక్కో కుర్చీ మీద మిగిలేదానితో భాగిస్తే వచ్చిన అంకె అది. నెలకు 31. ఒక్కటి తగ్గినా చేతి డబ్బు పడుతుంది. ముప్పై ఒకటి నేను చేయగలను. విరిగిన కుర్చీలు ఎవరి దగ్గరున్నాయో తిరిగి కనుక్కోగలను కూడా. నీలో కాస్త సిగ్గున్న వరుస అదొక్కటే, ఆయనేమో అంత కిందికి స్క్రోల్ చేయనే లేదు.

సరే, ఫైలు ముందుకు కదిలింది. 36వ నెలలో ఆ మిగతా 1,025 కుర్చీలు ఎవరైనా పట్టుకొస్తే నేరుగా నీ దగ్గరికే పంపిస్తాను. తలా పన్నెండు నిమిషాల్లో బాగుచేసి ఇచ్చెయ్. జిగురు నువ్వే కొనుక్కో.