నవ్వండి, సూది పొడుస్తున్నాం

పెద్దవయసువాళ్లకు టీకా అనుకున్నంతగా పని చేయకపోతే తప్పెవరిది? ఈ ప్రశ్నకు వైద్యశాస్త్రం ఇన్నాళ్లూ చాలా ఇబ్బందికరమైన జవాబు చెబుతూ వచ్చింది. వయసు మీదపడేకొద్దీ ఛాతీలోని థైమస్ గ్రంథి కుంచించుకుపోతుందట. అక్కడ తయారయ్యే, రోగాలతో పోరాడే కొత్త టి కణాల రాక తగ్గిపోతుందట. రక్తంలో క్రిములను పట్టుకునే యాంటీబాడీలను తయారుచేసే బి కణాలు కూడా పడుచుదనంలో ఉన్నంత చురుగ్గా పని చేయవట. అన్నీ నిజాలే. కానీ థైమస్‌కు సంజాయిషీ నోటీసు పంపడం ఎలా? అది ఏ శాఖ కిందికి వస్తుంది? బాధ్యుడు దొరకనంత కాలం ఏ సమస్యకైనా పరిష్కారం ఉండదు. అదృష్టం బాగుండి ఇప్పుడు బాధ్యుడు దొరికాడు. సూది వేయించుకోవడానికి మొహం గంటు పెట్టుకుని వచ్చిన ముసలాయనే ఆ బాధ్యుడు.

ఇది గాలి మాట కాదు. బ్రిటన్‌లోని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో కవిత వేధర, కీరన్ ఐలింగ్ తదితరులు 2014-15 సీజన్‌లో ఫ్లూ టీకా వేయించుకోబోతున్న 138 మందిని పరిశీలించారు. అందరూ 65, 85 ఏళ్ల మధ్యవాళ్లే. టీకాకు రెండు వారాల ముందు మొదలుపెట్టి, తర్వాత నాలుగు వారాల దాకా, వారానికి మూడుసార్లు వివరాలు సేకరించారు. ఏం తిన్నారు, ఒంటిని ఎంత కదిలించారు, ఎలా నిద్రపోయారు, మనసెలా ఉంది, అన్నీ. టీకా వేశాక నాలుగు వారాలకు ఒకసారి, పదహారు వారాలకు ఒకసారి రక్తం తీసి యాంటీబాడీలు చూశారు. తిండీ నిద్రా వ్యాయామం దిగులూ, వీటిలో ఏదీ యాంటీబాడీల ఎక్కువ తక్కువలతో చెప్పుకోదగ్గంతగా కలిసిరాలేదు. ఉల్లాసం ఒక్కటే కలిసొచ్చింది. అందులోనూ సూది వేసిన రోజు మూడ్ బాగున్నవాళ్లకు యాంటీబాడీలు ఎక్కువ కనిపించాయి. యాంటీబాడీల్లో మనిషికీ మనిషికీ మధ్య ఉన్న తేడాలో 8 నుంచి 14 శాతం దాకా ఆ ఒక్కరోజు మూడ్‌తో ముడిపడి ఉందని లెక్క తేలింది. అదీ టీకాలోని ఫ్లూ వైరస్ రకాలన్నిటికీ కాదు, ప్రధానంగా హెచ్1ఎన్1 అనే రకానికి.

తేడాలో 14 శాతం ముడిపడి ఉండటం వేరు, రక్షణ 14 శాతం పెరగడం వేరు. మిగతా 86 శాతం సంగతి ఇంకెక్కడో తేలాలని కూడా ఆ లెక్క చెబుతోంది. ఇంత మెలిక ఉన్న వాక్యాన్ని ఏ కుటుంబ వాట్సాప్ గ్రూపూ లోపలికి రానివ్వదు. అందులోకి వచ్చేది "నవ్వితే ఇమ్యూనిటీ 14 శాతం పెరుగుతుంది, శాస్త్రవేత్తలు తేల్చేశారు" అన్న మాట, చివర మూడు పచ్చటి నవ్వు బొమ్మలతో. దాన్ని ఫార్వర్డ్ చేసిన మేనల్లుడు మేనమామను ఎలా ఉన్నావని అడిగి ఏడాది అయినా సరే, ఆయన ఆనందం పట్ల తన బాధ్యత తీరిపోయినట్టే.

ఇంతటి శాస్త్రం చేతికందాక ఊరుకోవడం నేరం. కాబట్టి ప్రజాహితం కోరి కొన్ని ప్రతిపాదనలు చేస్తున్నాను. ఇకమీదట టీకా కేంద్రాల్లో గుర్తింపు కార్డుతోపాటు ఆనంద ధ్రువీకరణ పత్రం కూడా అడగాలి. 'మీరు సంతోషంగా ఉన్నారా? ఉంటే ఎప్పటి నుంచి? కారణాలు వివరిస్తూ ఆధారాలు జతపరచండి' అని ఫారంలో ఉండాలి. ఆధారాల నకళ్లపై గెజిటెడ్ అధికారి సంతకం తప్పనిసరి. ఆయన కూడా ఆ సమయానికి నవ్వుతూ ఉంటే మంచిదే గానీ, అది కుదిరే పని కాదని అనుభవజ్ఞులు చెబుతున్నారు. పత్రం లేకుండా వచ్చినవాళ్లను పక్కన నిలబెట్టి, సంతోషం వచ్చేదాకా ఆపాలి. పెద్దవాళ్లను నిలబెడితే సంతోషం వస్తుందా అని సందేహించేవాళ్లు అభివృద్ధి నిరోధకులు.

అడ్డంకి ఒకటుంది, ఒప్పుకోవాలి. ఈ తరం 'నవ్వు నాలుగు విధాల చేటు' అని పెరిగిన తరం. చిన్నప్పుడు క్లాసులో నవ్వినందుకు బెంచీ ఎక్కారు, ఉద్యోగంలో నవ్వితే పని లేదా అనిపించుకున్నారు, ఇంట్లో పెద్దమనిషి హోదా రాగానే పిల్లల ముందు నవ్వకూడదని తమకు తామే ఆంక్ష పెట్టుకున్నారు. డెబ్భై ఏళ్లు దాచిన నవ్వును ఒక మంగళవారం పదకొండు గంటలకు, అదీ చెయ్యి చాపిన క్షణాన బయటికి తీయమంటే కుదరదు.

ఆ పదకొండు గంటలప్పుడు ఏం జరుగుతుందో చూద్దాం. పెద్దాయన కొడుకుతో వచ్చారు. బల్ల వెనకున్న అమ్మాయి ఫారం తీసి, ఆయన వైపు చూడకుండా కొడుకును అడిగింది: "ఈయనకి షుగర్ ఉందా?" తన షుగర్ మాత్రలు తనే తెచ్చుకుని, టెస్టులు తనే చేయించుకుని, రిపోర్టులు తేదీల వారీగా ఫైల్లో పెట్టుకునే మనిషి పక్కనే ఉన్నారు. కొడుకు ఫోన్లోంచి తలెత్తి, "ఉంది నాన్నా?" అన్నాడు. తర్వాత చొక్కా. ఫుల్ హ్యాండ్స్. కఫ్ బొత్తాం బిగుతుగా ఉంది, వేళ్లు పట్టు తప్పుతున్నాయి. "హాఫ్ హ్యాండ్స్ వేసుకోమని పొద్దున్నే చెప్పానా లేదా?" వెనక క్యూలో ఎవరో దగ్గారు, విసుగ్గా. బొత్తాం ఊడింది కానీ చొక్కా చెయ్యి మోచేతి దగ్గరే ఆగిపోయింది. ఇక మెడ వైపు నుంచి భుజం బయటికి లాగారు. పదిమంది ముందు, సగం చొక్కాతో, బనియన్ కనబడుతూ ఆయన కూర్చున్నాక సూది పట్టుకున్నావిడ పలికింది: "ఏం తాతా, భయమా? నవ్వాలి మరి!"

ఆ క్షణంలో మూడ్ కొలిచి, యాంటీబాడీలు తక్కువ వస్తే, ఆయన సహకరించలేదని రాసుకుంటాం.

పరిశోధనలో ఒక భాగం మాత్రం పైకి పొక్కకుండా చూడాలని నా మనవి. దిగులు, చిరాకు, టెన్షన్ లాంటివాటిని విడిగా కొలిచారు కదా, అవి యాంటీబాడీలను దెబ్బతీసినట్టు అందులో కనబడలేదు. ఉల్లాసం ఉంటే కలిసిరావచ్చు, చిరాకు ఉన్నంత మాత్రాన నష్టం కనిపించలేదు. ఈ సంగతి ఇళ్లలో తెలిస్తే గొణుగుడుకు పట్టపగ్గాలుండవు. పైగా కొందరు పెద్దవాళ్ల విషయంలో గొణుక్కోవడమే ఉల్లాసం. పొద్దున పేపరు తెరిచి, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా అందరినీ తిట్టి, కాలం చెడిపోయిందని తేల్చి, పేపరు మడిచి పక్కన పడేసినప్పుడు వాళ్ల మొహంలో కనబడే తృప్తి ఏ హాస్య కార్యక్రమమూ తేలేదు. వాళ్లను నవ్వించడం కంటే, తిట్టుకోవడానికి పేపరు ఇచ్చి పది నిమిషాలు వదిలేయడం శాస్త్రీయమేమో. దీని మీద ఇంతవరకూ ఎవరూ ప్రయోగం చేయకపోతే అది శాస్త్రానికే నష్టం.

నవ్వించే ప్రయోగం మాత్రం జరిగింది. అసలు కథ అక్కడే ఉంది. ఒక విషయంతో మరొకటి కలిసి కనబడినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణం కాదని ఆ పరిశోధకులకు తెలుసు. ఆ రోజు ఉల్లాసంగా ఉన్నవాళ్లు ముందే ఆరోగ్యంగా ఉండి ఉండవచ్చు, ఒళ్లు బాగుంది కాబట్టే మనసూ బాగుండి ఉండవచ్చు. అందుకని నాటింగ్‌హామ్ బృందం తర్వాత 654 మంది పెద్దవాళ్లను లాటరీ పద్ధతిలో మూడు జట్లు చేసింది. టీకాకు ముందు రెండు జట్లకు మనసు తేలికపరిచే 15 నిమిషాల వీడియోలు చూపించింది, మూడో జట్టుకు వీడియోలేవీ లేకుండా మామూలుగానే టీకా వేయించింది. వీడియోలు చూసినవాళ్ల మూడ్ నిజంగానే కొంత బాగుపడింది. యాంటీబాడీలు? జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

అంటే మొహం నవ్వింది, బి కణాలు నమ్మలేదు. బయటినుంచి తెచ్చి పెట్టిన పావుగంట సంతోషాన్ని శరీరం లెక్కలోకి తీసుకోలేదు. మామూలు బుర్రలకు దీంట్లోంచి వచ్చే అర్థం ఏమిటంటే, మొదటి ఫలితాన్ని పట్టుకుని పెద్దవాళ్లను నవ్వమని వేధించకూడదని. మన పరిపాలనా బుర్రకు మాత్రం వీడియో నిడివి చాలలేదని అర్థమవుతుంది. అరగంట చేద్దాం. అప్పటికీ యాంటీబాడీలు దిగిరాకపోతే గంట.

ఎందుకింత పట్టుదల అంటే, మిగతా మార్గాలకు డబ్బు ఖర్చవుతుంది. పెద్దవాళ్ల రోగనిరోధక వ్యవస్థ మందగిస్తుందని తెలిసే 65 ఏళ్లు దాటినవాళ్ల కోసం హై డోస్ ఫ్లూ టీకా తయారుచేశారు. శరీరానికి వైరస్‌ను గుర్తుపట్టించే పదార్థం యాంటిజెన్. మామూలు టీకాలో ఒక్కో వైరస్ రకానికి అది 15 మైక్రోగ్రాములు ఉంటే ఇందులో 60. అమెరికాలో దీనికి 2009లోనే అనుమతి వచ్చింది. దాదాపు 32 వేల మందితో జరిగిన ట్రయల్ ఫలితాలు 2014లో వచ్చాయి. మామూలు టీకాతో పోలిస్తే ఫ్లూను 24 శాతం మెరుగ్గా ఆపిందని తేలింది. రోగనిరోధక వ్యవస్థను తట్టిలేపే అడ్జువెంట్ కలిపిన టీకాలూ ఉన్నాయి. అయితే నాలుగింతల యాంటిజెన్‌కు బిల్లు వస్తుంది, సంతకం కావాలి, ఆడిట్ అడుగుతుంది. నవ్వుకు టెండరు అక్కర్లేదు. అది పేషెంటే ఇంటి నుంచి తెచ్చుకోవాలి. తేకపోతే అది ఆయన వ్యక్తిత్వ లోపం.

టీకా వేసే వేళ గురించీ ఒక కబురుంది. బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 276 మంది పెద్దవాళ్లలో కొందరికి ఉదయం 9 నుంచి 11 లోపు, కొందరికి మధ్యాహ్నం 3 నుంచి 5 లోపు ఫ్లూ టీకా వేయించారు. మూడు రకాల వైరస్‌లలో రెండింటికి ఉదయం జట్టులో యాంటీబాడీలు ఎక్కువ పెరిగాయి. 2016లో అచ్చయిన పరిశోధన ఇది. ఒక్కదాంతో అంతా తేలిపోదనుకోండి, అయినా గడియారం మార్చుకోవడానికి ఖర్చేముంది అంటారా? ఉదయం తొమ్మిదింటికి పెద్దాయనను తీసుకెళ్లాలంటే కొడుకు ఆఫీసుకు సెలవు పెట్టాలి. దానికంటే ఆయన నవ్వడమే తేలిక.

మనసుకూ టీకాకూ సంబంధం లేదని ఇందులో ఎవరూ అనడం లేదు. మతిమరుపు జబ్బుతో ఉన్న భర్తనో భార్యనో ఏళ్ల తరబడి చూసుకుంటున్నవాళ్లలో ఫ్లూ టీకాకు స్పందన తగ్గుతుందని అమెరికాలోని ఒహాయో పరిశోధకులు 1996లోనే చూపించారు. తర్వాత మూడేళ్లకు బ్రిటన్‌లోనూ అదే కనబడింది, ఆ పరిశోధన చేసినవాళ్లలో వేధర ఉన్నారు. రాత్రి మూడుసార్లు లేచి, తనను గుర్తుపట్టని మనిషికి పక్కబట్టలు మార్చి, పొద్దున్నే టీకాకు వచ్చిన డెబ్భై రెండేళ్ల ఆవిడను కొంచెం నవ్వమ్మా అనడానికి నోరెలా వస్తుందో నాకు తెలియదు. ఆవిడకు కావలసింది వారానికి ఒక రాత్రి ఆయన్ని చూసుకునే మరో మనిషి. ఆ మనిషికి జీతం ఇవ్వాలి కాబట్టి ఆ ప్రసక్తి వీడియోల్లో ఉండదు.

కనుక నా ప్రతిపాదనకు ఒక్క సవరణ. ఆనంద ధ్రువీకరణ పత్రం ఉండాల్సిందే, కానీ అది వెంట వచ్చినవాళ్ల దగ్గర అడగాలి. వాచీ చూసుకునేవాళ్లు, ఆయన బదులు తామే జవాబులు చెప్పేవాళ్లు, చొక్కా చేతుల గురించి పొద్దుటి మాటలు తవ్వేవాళ్లు బయట ఆగాలి. బల్ల వెనకవాళ్లు ప్రశ్నను చెయ్యి ఎవరిదో వాళ్లనే అడగాలి, మీరు అనాలి, తాతా అనే వరస కలపడం ఆయన ఒప్పుకుంటేనే. భుజం బయటపెట్టడానికి ఒక తెర కట్టాలి. టీకా మాత్రం ఏడుపు మొహంతో వచ్చినా, ధుమధుమలాడుతూ వచ్చినా, వ్యవస్థను తిట్టుకుంటూ వచ్చినా అందరికీ వేయాలి. సూది పని సూది చేస్తుంది. యాంటీబాడీలు పెరుగుతాయా అంటే హామీ ఇవ్వలేను. క్యూలో కూర్చోవడానికి కుర్చీలు కూడా అడిగాను గానీ అవి దొరకడం కష్టమే. గోడ పక్కన కుర్చీలు వేస్తే, అక్కడ అంటించబోయే 'నవ్వండి, ఆరోగ్యంగా ఉండండి' పోస్టరు సగం కనబడదు.