పాత కంప్యూటరుకు ప్రింటరు తీగ: తుక్కు వేలానికి ముందు ఒక మాట

ప్రభుత్వ విద్యాసంస్థల స్టోరు గదుల్లో పేరుకుపోయిన పాత ఎలక్ట్రానిక్ సామానును కండెమ్ చేసి తుక్కు కింద వేలం వేయడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతే, దాన్ని నేను తప్పుపట్టడం లేదు. అయితే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పాలిటెక్నిక్‌లలో గాని ఐటీఐలలో గాని అలాంటి కుప్పలో 1980ల నాటి హోం కంప్యూటరు ఒక్కటి కనిపించినా, దాన్ని సూదులతో కొట్టి అచ్చువేసే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరుకు కలిపే తీగను విద్యార్థుల చేత తయారు చేయించిన తరువాతే వేలం మాట ఎత్తాలన్నది నా వాదన. కొత్త ల్యాబుల్లో మూతలు తీయకుండా వాడే పరికరాలు నేర్పలేని పాఠం ఆ మూరెడు తీగలో ఉంది.

బీబీసీ మైక్రోనే తీసుకుందాం. బ్రిటన్‌లో ఏకార్న్ సంస్థ 1981 డిసెంబరులో విడుదల చేసిన ఈ యంత్రం, 1984లో మొదలైన క్లాస్ అనే కంప్యూటరు అక్షరాస్యత పథకం ద్వారా మన దేశంలోని ఎంపిక చేసిన పాఠశాలలకు చేరింది. ఆ చరిత్ర చాలామందికి తెలిసినదే కనుక నేరుగా దాని అడుగు భాగానికి వద్దాం. అక్కడ 26 పిన్నుల ప్రింటరు సాకెట్టు ఉంటుంది. దానికి తగిలించే, తీగలన్నీ పక్కపక్కన పరిచినట్టుండే రిబ్బన్ కేబుల్‌లో 1వ తీగ స్ట్రోబ్, అంటే అక్షరం సిద్ధమని ప్రింటరుకు చెప్పే సంకేతం, 3 నుంచి 17 వరకు ఉన్న బేసి తీగలు ఎనిమిది డేటా బిట్లు, 19వ తీగ అందిందని ప్రింటరు నుంచి తిరిగివచ్చే అక్నాలెడ్జ్ సంకేతం. 2 నుంచి 24 వరకు సరి తీగలన్నీ గ్రౌండు, అంటే సున్నా వోల్టులవి. రెండో చివర ప్రింటరుకు తగిలే 36 పిన్నుల సెంట్రానిక్స్ ప్లగ్గును నొక్కి బిగిస్తే ఒక్క టంకం కూడా లేకుండా అన్నీ సరైన చోటికే వెళతాయి.

చిక్కంతా పీసీ ప్రింటరు కేబుల్‌తో వస్తుంది. పాత సామాన్ల దుకాణాల్లో సులువుగా దొరికేది అదే. దాని ఒక చివర 25 పిన్నులుంటాయి. కాబట్టి రిబ్బనుకు 25 రంధ్రాల సాకెట్టు బిగించి, పీసీ కేబుల్‌ను దానిలోకి తోయడమే సహజంగా తోచే ఉపాయం. బేసి తీగలకు ఇబ్బంది లేదు: స్ట్రోబ్ 1కి, డేటా 2 నుంచి 9కి, అక్నాలెడ్జ్ 10కి పొందికగా చేరుకుంటాయి. సరి తీగలు మాత్రం 14వ పిన్ను నుంచి వరుసగా కూర్చుంటాయి, పీసీ పద్ధతిలోనేమో 14 నుంచి 17 వరకు గ్రౌండు కానే కాదు. ఫలితంగా 6వ తీగ వెళ్లి 16వ పిన్నును గ్రౌండు చేస్తుంది. అది ప్రింటరును రీసెట్ చేసే పిన్ను. కరెంటు ఉంటుంది, కాగితం ఉంటుంది, ప్లగ్గులన్నీ గట్టిగానే ఉంటాయి, అయినా ఒక్క అక్షరం పడదు. 4వ తీగ ప్రింటరు బయటికి పంపే ఎర్రర్ సంకేతాన్ని గ్రౌండుకు షార్ట్ చేస్తుంది. ఈ రెండు తీగలనూ నిర్మొహమాటంగా తెంచాలి. 8వ తీగ 17వ పిన్నును గ్రౌండు చేసి ప్రింటరును ఎంపికైన స్థితిలో ఉంచుతుంది కనుక దాన్ని ముట్టుకోకూడదు. ఇరవయ్యారో తీగకు 25 పిన్నుల సాకెట్టులో చోటే లేదు, చీల్చి పక్కకు తీసేయాలి.

ఇక 2వ తీగ. నా దృష్టిలో అసలు పరీక్ష అదే. అది 14వ పిన్నును, అంటే వరుస ముగిసినప్పుడు కాగితాన్ని దానంతటదే ముందుకు జరిపే ఏర్పాటును, గ్రౌండు చేస్తుంది. బీబీసీ మైక్రో ఆన్ చేసిన వెంటనే ఉండే స్థితిలో కాగితాన్ని ఒక వరుస జరపమనే లైన్ ఫీడ్ అక్షరాన్ని, అంటే 10వ కోడును, ప్రింటరుకు పంపదు కనుక ఆ తీగ ఉండటమే మేలు. స్టార్ ఎఫ్ఎక్స్ 6,0 (*FX 6,0) ఆదేశం ఇచ్చి లైన్ ఫీడ్‌ను పంపించదలచుకుంటే మాత్రం తెంచాలి, లేకపోతే ప్రతి వరుస తరువాత ఒక ఖాళీ వరుస వస్తుంది. ఒకే తీగను ఒక సందర్భంలో ఉంచడమూ మరో సందర్భంలో తెంచడమూ సరైనదేనని కారణంతో సహా చెప్పగలిగిన విద్యార్థికి వైవాలో ఇక వేరే ప్రశ్న వేయనక్కరలేదు.

ఇదంతా కాలక్షేపమనీ, ఆ కంప్యూటరును అనుకరించే సాఫ్ట్‌వేరు ఉచితంగా దొరుకుతుందనీ, నలభై ఏళ్ల పవర్ సప్లై లోని ఫిల్టర్ కెపాసిటర్లు పగిలి పొగలు కక్కుతాయనీ అనేవారున్నారు. కెపాసిటర్ల మాట నిజమే, స్విచ్ వేయకముందే వాటిని మార్చాలి. యూఎస్‌బీ నుంచి ప్యారలల్‌కు మారే కేబుల్ కొంటే పోతుంది కదా అనేవారు మాత్రం పొరబడుతున్నారు. అది కొత్త కంప్యూటరును పాత ప్రింటరుకు కలపడానికే గాని, పాత కంప్యూటరును కొత్త ప్రింటరుకు కలపడానికి పనికిరాదు.

అనుకరణ సాఫ్ట్‌వేరులో తీగ షార్ట్ కాదు, అందుకే అది ఈ పాఠం చెప్పలేదు. రిబ్బనులో ప్రతి డేటా తీగకూ రెండు పక్కలా గ్రౌండు తీగలే ఉంటాయి కనుక, బిగింపు కాస్త వంకర పోతే ఏదో ఒక బిట్టు గ్రౌండుకు తగలడం తేలిక. 3వ తీగ అలా తగిలిందనుకుందాం. తెరపై పడేది ప్రింటరుకూ వెళ్లేలా కంట్రోల్ బి నొక్కి ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో శ్రీకాకుళం అని కొడితే, ఎస్ బదులు ఆర్, ఐ బదులు హెచ్, కే బదులు జే, ఏ బదులు ఈమెయిలు చిరునామాలో వాడే @ గుర్తు, యూ బదులు టీ, ఎం బదులు ఎల్ పడతాయి. ఆర్, ఎల్ మాత్రం చెక్కుచెదరవు. ప్రతి అక్షరానికీ కోడుగా ఒక సంఖ్య ఉంటుంది. బేసి సంఖ్య కోడున్న ప్రతి అక్షరమూ ఒక మెట్టు దిగింది, సరి సంఖ్యవి నిలిచాయి, కాబట్టి పోయింది ఒకటి విలువ గల మొదటి బిట్టే అని మల్టీమీటరు పట్టకుండానే తేల్చేయవచ్చు. ద్విసంఖ్యామానాన్ని నల్లబల్లపై ఎన్ని వారాలు చెప్పినా ఇంత గట్టిగా మనసుకెక్కదు.

ఇదంతా సాధ్యమైంది తయారీదారు ఏ పిన్ను ఏమి చేస్తుందో యంత్రంతో ఇచ్చిన పుస్తకంలోనే అచ్చువేసినందువల్ల. నాకు అన్నిటికన్నా ముఖ్యమైన విషయం అదే. ఇప్పటి ఇంక్ ప్రింటర్లలో చాలావాటికి కార్ట్రిడ్జిలోనే ఒక చిప్పు ఉంటుంది, అది కాదంటే సిరా ఉన్నా ముద్రణ సాగదు. దాని వివరాలు కొన్నవాడికి ఎవరూ చెప్పరు. మరమ్మతు హక్కుపై కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో కమిటీ వేసింది, అదే ఏడాది డిసెంబరు 24న పోర్టల్ తెరిచింది. మంచిదే. కాని కంపెనీలు తమంతట తాము చెప్పదలచుకున్నది పెట్టే పోర్టల్ వేరు, పిన్నుల పట్టిక ఇవ్వకుండా సరుకు అమ్మకూడదనే చట్టం వేరు. ఆ చట్టం కావాలని గట్టిగా అడగాల్సినవారు రేపటి మెకానిక్కులు. పిన్నుల పట్టిక చేతిలో ఉంటే ఏమి చేయవచ్చో ఒక్కసారైనా చూడనివారు దాన్ని ఎందుకు అడుగుతారు? పలాస జీడిపప్పు టోకు వ్యాపారికి గాని, విజయనగరం గంటస్తంభం దగ్గర కొట్టువారికి గాని మూడు ప్రతుల బిల్లు ఒకేసారి కావాలంటే నేటికీ కార్బన్ కాగితంపై సూదులు కొట్టే ప్రింటరే దిక్కు. దాన్ని బాగుచేసే చేతులు మన జిల్లాల్లోనే తయారుకావాలి.

కనుక కండెమ్ జాబితాపై సంతకం చేసే ఎలక్ట్రానిక్స్ విభాగాధిపతులను నేను కోరేది చిన్న పని. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం ఆ యంత్రం చివరికి రీసైక్లింగుకు వెళ్లవలసిందే, వెళ్లనివ్వండి. ఈలోగా ఒక సెమిస్టరు పాటు దాన్ని ల్యాబులో ఉంచి, కెపాసిటర్లు మార్పించి, బల్లపై రిబ్బన్ కేబుల్, 25 రంధ్రాల సాకెట్టు, పిన్నుల పట్టిక పెట్టండి. ఏ తీగలు తెంచాలో మాత్రం పట్టికలో రాయకండి.