మూడు నెలల్లో మారిన కొలబద్ద

పెళ్లి సంబంధాలు మాట్లాడేవాళ్ల భాషలో మన అబ్బాయి ‘ఎర్రగా బుర్రగా’ ఉంటాడు. అమ్మాయి రంగు కాస్త తక్కువైతే ‘చామనఛాయే, కానీ కళగల ముఖం’ అని సర్దుతారు. ఆ ఎర్రటి అబ్బాయే ఎమ్మెస్ చదవడానికి డాలస్ వెళ్తే అక్కడివాళ్ల కంటికి ‘బ్రౌన్’. ఫారం నింపేటప్పుడు ‘ఏషియన్’ గడిలో టిక్కు పెడతాడు. 1970లో వెళ్లి ఉంటే అమెరికా జనాభా లెక్కలవాళ్లు అతన్ని ‘వైట్’లో వేసేవారు. 1930లో అయితే ‘హిందూ’. సిక్కు అయినా, ముస్లిం అయినా ఇండియా నుంచి వచ్చినవాడికి అప్పట్లో అదే గడి.

తెలుపు, నలుపు అని పేరులోనే రంగు ఉంది కాబట్టి ఒంటిరంగు చూసి జాతిని తేల్చారనుకుంటాం. కొందరేమో రంగు కాదు, వంశం చూశారంటారు. ముక్కూ ముఖమూ చూశారనేవాళ్లూ ఉన్నారు. అమెరికా సుప్రీంకోర్టు మూడు నెలల తేడాతో ఇచ్చిన రెండు తీర్పులు పక్కపక్కన పెట్టుకుని చదివితే, ఎవరిని బయట ఉంచాలో ముందే అనుకుని, దానికి సరిపోయే కొలబద్దను తర్వాత వెతుక్కున్నారనిపిస్తుంది.

అమెరికాలో 1790 నాటి చట్టం బయటి నుంచి వచ్చినవాళ్లలో ‘తెల్లవాళ్లకే’ పౌరసత్వం అంది. అంతర్యుద్ధం ముగిశాక 1870లో ఆఫ్రికా సంతతివాళ్లను కూడా చేర్చారు. మరి జపాన్‌వాడు? పంజాబ్‌వాడు? చట్టంలో లేదు. జడ్జీలే తేల్చాలి.

తకావో ఒజావా 1894లో జపాన్ నుంచి కాలిఫోర్నియా వచ్చాడు. బర్కిలీలో చదువుకుని హవాయిలో ఉద్యోగం చేశాడు. ఇంట్లో పిల్లలతో ఇంగ్లీషే మాట్లాడేవాడు. తెల్లవాళ్లంటే ఒంటిరంగే అయితే, ఇటలీ, స్పెయిన్ వాళ్లకంటే చాలామంది జపనీయులే తెల్లగా ఉంటారన్నది అతని తరఫు వాదనల్లో ఒకటి. 1922 నవంబర్ 13న తీర్పు వచ్చింది. రాసింది జస్టిస్ జార్జ్ సదర్లండ్. ఇంగ్లండ్‌లో పుట్టి, పసితనంలో తల్లిదండ్రులతో అమెరికా చేరినవాడు. రంగును కొలబద్దగా పెట్టుకుంటే కుదరదన్నాడాయన. ఒకే జాతిలో రంగులు రకరకాలుగా ఉంటాయి, ఆంగ్లో-శాక్సన్లలోనే పాలలాంటివాళ్లూ ఉన్నారు, చామనఛాయవాళ్లూ ఉన్నారు. అందుకని ‘తెల్లవాడు’ అంటే కాకేసియన్ జాతివాడని అర్థం చెప్పాడు. ఒజావా కాకేసియన్ కాదు, కేసు కొట్టేశారు.

ఈ ‘కాకేసియన్’ ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పకుండా ముందుకు పోలేను. 1795లో బ్లూమెన్‌బాఖ్ అనే జర్మన్ శాస్త్రవేత్త పుర్రెలను బట్టి మనుషుల్ని ఐదు రకాలుగా విడదీశాడు. కాకసస్ పర్వతాల దగ్గర జార్జియా దేశపువాళ్లు అందరికంటే అందంగా ఉంటారని, అక్కడి ఓ స్త్రీ పుర్రె తన దగ్గరున్న వాటిలోకెల్లా చక్కనిదని ఆయన నమ్మకం. ఆ ముచ్చటతోనే యూరప్‌వాళ్లందరికీ ఆ కొండల పేరు పెట్టాడు. సుప్రీంకోర్టు పట్టుకున్న సైన్సు అదీ.

భగత్ సింగ్ థింద్‌కు మాత్రం ఆ తీర్పు వరంలా కనిపించి ఉంటుంది. అమృత్‌సర్ ప్రాంతం నుంచి 1913లో వెళ్లి, ఆరెగన్‌లో కలప మిల్లుల్లో పనిచేసి, 1918లో అమెరికా సైన్యంలో చేరాడు. తలపాగాతోనే యూనిఫాం వేసుకున్నాడు. ఆనాటి పుస్తకాలు ఉత్తర భారతీయులను కాకేసియన్లలోనే చేర్చాయి. ‘కాకేసియన్ అయితే చాలన్నారు కదా, నేనూ కాకేసియన్నే’ అన్నాడు. 1923 ఫిబ్రవరి 19న అదే సదర్లండ్ ఈసారి పుస్తకాలను పక్కన పెట్టేశాడు. చట్టంలో మాటలు మామూలు మనిషి మాట్లాడుకునే మాటలు, వాటి అర్థం మామూలు మనిషినే అడగాలన్నాడు. బంగారు జుట్టు స్కాండినేవియన్‌కూ గోధుమరంగు హిందువుకూ ఎప్పుడో ఒకే ముత్తాత ఉండొచ్చు, కానీ ఈరోజు ఇద్దరికీ ఎంత తేడా ఉందో మామూలు మనిషికి బాగా తెలుసన్నాడు. ఒజావాకు రంగు చెల్లలేదు, థింద్‌కు వంశం చెల్లలేదు. రెండుసార్లూ తీర్పు ఏకగ్రీవం.

థింద్‌ను హీరోను చేసి రాసేవాళ్లు ఒక పేజీ దాటేస్తుంటారు. అతని తరఫు వాదనలో కులం ఉంది. నేను అగ్రవర్ణ ఆర్యుణ్ని, పెళ్లి విషయంలో అమెరికాలో తెల్లవాడు నల్లవాళ్లను ఎలా చూస్తాడో, మా అగ్రవర్ణంవాడు ఇండియాలో ఆదివాసులను అలాగే చూస్తాడు, కాబట్టి మా రక్తం కలవలేదని కోర్టుకు చెప్పుకున్నారు. గేటు తీసెయ్యమనలేదు, నన్ను మాత్రం లోపలికి రానివ్వమన్నారు. లాయర్ రాతే కావచ్చు, కానీ ఆ మాట చదివినప్పుడల్లా అతని మీద జాలి సగం తగ్గిపోతుంది.

సదర్లండ్ ఒక్కచోట మాత్రం సరిగా చెప్పాడు: ‘ఆర్య’ అన్నది భాషకు సంబంధించిన మాట, భాష కలిసినంత మాత్రాన రక్తం కలవదని. ఇది మనం కూడా వినాల్సిన మాటే. తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదని, తమిళం, కన్నడాలతో ఒకే కుటుంబమని 1816లో మద్రాసులో ఈస్టిండియా కంపెనీ అధికారి ఎల్లిస్ చూపించాడు. 1856లో కాల్డ్వెల్ అనే క్రైస్తవ మిషనరీ ఆ కుటుంబాన్ని ‘ద్రావిడ’ అన్నాడు. భాషలకు పెట్టిన ఆ పేరు మెల్లగా మనుషుల మీదికి పాకింది. 1901 జనాభా లెక్కలకు కమిషనర్‌గా ఉన్న రిస్లే ముక్కులు కొలిపించి, ముక్కు ఎంత వెడల్పయితే సమాజంలో స్థాయి అంత తక్కువని సూత్రం చెప్పాడు. మద్రాసు మ్యూజియం నడిపిన థర్స్టన్ కూడా కొలిచే పరికరాలు పట్టుకుని మనుషుల తలలూ ముక్కులూ కొలిచాడు. ఈరోజు యూట్యూబ్ వీడియోల కింద ‘ద్రావిడ రక్తం’ అని కొట్టుకునేవాళ్లకు ఆ ముక్కుల సంగతి తెలియదు పాపం.

రంగు లెక్క ఇంకోలా ఉంటుందని మన హైదరాబాద్‌లో కణాలు, జన్యువుల మీద పరిశోధన చేసే సీసీఎంబీ శాస్త్రవేత్తలూ చూపించారు. చర్మాన్ని లేతరంగు చేసే ఒక జన్యువు మార్పు యూరప్‌వాళ్లలోనూ చాలామంది భారతీయుల్లోనూ ఉందని, రెండింటి మూలం ఒకటేనని 2013లో వాళ్లూ, ఎస్టోనియా వాళ్లూ కలిసి తేల్చారు. ఒకే తల్లి కడుపున పుట్టిన ఇద్దరిలో ఒకరికి అది వచ్చి, రెండోవాళ్లకు రాకపోవచ్చు. మా ఇంట్లో అన్నయ్యను చూసి ‘వీడు నానమ్మ రంగు’ అని, నన్ను చూసి ‘నువ్వు మీ తాత పోలికలే’ అని ఊరుకునేవాళ్లు. ఒకే ఇంట్లో రెండు జాతులని ఎవరూ అనలేదు. ఈ రిపోర్టు సదర్లండ్ బల్ల మీద పెట్టినా తీర్పు మారేది కాదని నా అనుమానం.

తీర్పు తర్వాత, అప్పటికే పౌరసత్వం వచ్చిన భారతీయులు పదుల సంఖ్యలో దాన్ని పోగొట్టుకున్నారు. వాళ్లలో ఒకరు శాన్‌ఫ్రాన్సిస్కోలో కొట్టు పెట్టుకున్న వైష్ణో దాస్ బగాయ్. బ్రిటిష్ పాలన భరించలేక 1915లో భార్య కళ, ముగ్గురు కొడుకులతో వచ్చినవాడు. బర్కిలీలో ఇల్లు కొనుక్కుని సామానుతో వెళ్తే పొరుగువాళ్లు తాళాలు వేసి లోపలికి రానివ్వలేదు. పౌరసత్వం పోయాక ఇండియా వెళ్లి రావడానికి అమెరికా పాస్‌పోర్టు ఇచ్చేది లేదన్నారు, బ్రిటిష్ పాస్‌పోర్టు తీసుకోమన్నారు. దేని నుంచి పారిపోయి వచ్చాడో మళ్లీ అక్కడికే. 1928లో ప్రాణం తీసుకున్నాడు. ఏ ఊళ్లో ఆ ఇంటికి తాళాలు పడ్డాయో, ఆ ఊరి కౌన్సిల్ 2020లో ఒక వీధికి కళా బగాయ్ పేరు పెట్టాలని తీర్మానించింది.

1946లో భారతీయులకు మళ్లీ పౌరసత్వం తలుపు తెరిచారు, వలసలకు ఏడాదికి వందమంది కోటాతో. 1970లో ‘వైట్’ గడి దక్కింది. దానికోసం థింద్ సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. కానీ కొద్ది ఏళ్లకే అక్కడి భారతీయ సంఘాలు ‘మేం వైట్ కాదు, మాకూ వివక్ష ఉంది, మైనారిటీగా లెక్కపెట్టండి’ అని అడిగాయి. 1980 ఫారంలో ‘ఏషియన్ ఇండియన్’ వచ్చింది. ఇందులో తప్పు పట్టడానికేం లేదు. గడి వల్లే నష్టం జరిగినప్పుడు గడి వల్లే లాభం అడుగుతారు.

సదర్లండ్ చెప్పిన ఆ మామూలు మనిషి 2017 ఫిబ్రవరిలో మనవాళ్లకు ఎదురయ్యాడు. కాన్సాస్ రాష్ట్రం ఒలేతేలో ఓ బార్‌లో కూర్చున్న ఇద్దరు మన ఇంజనీర్ల మీద ‘మా దేశం వదిలిపోండి’ అని అరిచి తుపాకీ పేల్చాడు. హైదరాబాద్ అబ్బాయి చనిపోయాడు. కాల్చినవాడు అదే రాత్రి ఇంకో ఊళ్లో, తాను ఇద్దరు ఇరానీయులను కాల్చానని చెప్పుకున్నాడు. ఆ రోజు అమెరికా ప్రభుత్వ ఫారంలో ఇరానీయుల గడి ‘వైట్’.