చైనా విద్యార్థి ఇంగ్లీషులో రాలిపోయే ఆ ఒక్క ‘ఎస్’

చైనాలో నాతో పాటు ఎంబీబీఎస్ చదివిన తెలుగు మిత్రుల వాట్సాప్ గ్రూపులో గత వారం ఒకరు పాత వాయిస్ మెసేజ్ ఒకటి పెట్టారు. అక్కడి సహవిద్యార్థిని ఒకామె తన తండ్రి గురించి ఇంగ్లీషులో చెబుతూ, మొదటి నుంచి చివరి వరకు ఆయనను ‘షీ’ అనే అంటుంది. దాని కింద వరుసగా నవ్వు బొమ్మలు వచ్చాయి. నాకు నవ్వు రాలేదు. ఆ అమ్మాయి సీఈటీ-4 అనే కాలేజీ స్థాయి ఇంగ్లీషు పరీక్ష కోసం ఎంత కష్టపడిందో దగ్గరుండి చూసినదాన్ని కనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

చైనీస్ భాషలో అతడు, ఆమె, అది అనే మూడింటినీ ‘తా’ అనే పలుకుతారు. రాతలో మూడు అక్షరాలు ఉన్న మాట నిజమే. అయితే ‘ఆమె’ అనే అర్థంలో వేరే అక్షరం వాడడం కూడా లియూ బన్‌నోంగ్ వంటి రచయితల చొరవతో 1920 ప్రాంతంలోనే వ్యాప్తిలోకి వచ్చింది. పుట్టినప్పటి నుంచి చెవికి వినబడని తేడాను మాట్లాడే వేగంలో నాలుకకు అలవాటు చేయడం ఎంత కష్టమో మనం ఊహించలేము, ఎందుకంటే మనకు ‘వచ్చాడు’, ‘వచ్చింది’ అని క్రియే ఆ సంగతి చెప్పేస్తుంది.

అక్కడ ఇంగ్లీషు పరీక్షల బరువు ఎంతో తెలియకుండా ఆ విద్యార్థులను అంచనా వేయడం న్యాయం కాదు. విశ్వవిద్యాలయ ప్రవేశానికి రాసే గావోకావోలో చాలాచోట్ల 750 మార్కులుంటే, మాతృభాషకూ గణితానికీ ఉన్నట్టే ఇంగ్లీషుకూ 150 మార్కులు ఉంటాయి. కాలేజీలో చేరాక 1987 నుంచి జరుగుతున్న సీఈటీ-4 ఎదురవుతుంది. ఏటా జూన్‌లోనూ డిసెంబరులోనూ పెట్టే ఆ పరీక్షకు గరిష్ఠం 710. అందులో 425 వస్తే తప్ప సీఈటీ-6 రాయనివ్వరు. నాలుగో స్థాయికి సుమారు 4,500 మాటలు రావాలని అంటారు. మేము విదేశీయులకు పెట్టే చైనీస్ భాషా పరీక్ష హెచ్‌ఎస్‌కేలో నాలుగో స్థాయి దాటడానికి 1,200 చైనీస్ మాటలు నేర్చుకోవలసి వచ్చినందుకే హాస్టల్ గదిలో కూర్చుని ఎంతగా వాపోయామో నాకింకా గుర్తుంది.

ఆ అమ్మాయి, నేను వారానికి రెండు సాయంత్రాలు కలిసి చదివేవాళ్ళం. నా చైనీస్ ఆమె దిద్దేది, ఆమె ఇంగ్లీషు నేను దిద్దేదాన్ని. ఒకరోజు ఆమె ట్యూషన్‌లో రాసిన వ్యాసం తెచ్చింది. ‘మై ఫాదర్ వర్క్ ఇన్ ఎ ఫ్యాక్టరీ’ అన్న వాక్యంలో ‘వర్క్స్’ అని ఉండవలసిన ‘వర్క్’ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి, పక్కన ‘త్సూషిన్’ అని రాసి ఉంది. అంటే అజాగ్రత్త అని. అటువంటి ఎర్ర సున్నాలు ఆ పేజీలో తొమ్మిది ఉన్నాయి, అన్నింటి పక్కనా అదే మాట. అంతకు ముందు వారమే నేను చేపను లెక్కపెట్టడానికి పుస్తకాల కొలత మాట ‘బెన్’ వాడాను. చైనీస్‌లో మూడు పుస్తకాలు అనాలంటే సంఖ్యకూ నామవాచకానికీ మధ్య ఆ వస్తువుకు తగిన కొలత మాట రావాలి. చేపకు, నదికి, ప్యాంటుకు ‘త్యావ్’ వాడాలి, పుస్తకానికి ‘బెన్’ వాడాలి. నేను తప్పిన ప్రతిసారీ అందరూ ఆప్యాయంగా సరిచేశారే గాని అజాగ్రత్త అని ఒక్కరూ అనలేదు. నా భాషలో లేనిదాన్ని నేను మరిచిపోతే సహజమని, ఆమె భాషలో లేనిదాన్ని ఆమె మరిచిపోతే అజాగ్రత్త అని అనడం నాకు ఆనాడే అన్యాయంగా తోచింది, ఈనాటికీ అలాగే తోస్తుంది.

చైనీస్ క్రియ ఎవరికోసమూ రూపం మార్చుకోదు. నేను వెళ్ళినా, అతడు వెళ్ళినా, నిన్న వెళ్ళినా, రేపు వెళ్ళినా ‘ఛ్యూ’ అనే మాటే. కాలాన్ని నిన్న, రేపు అనే మాటలు చెబుతాయి, పని పూర్తయిందనే సంగతిని ‘ల’ అనే చిన్న మాట చెబుతుంది. బహువచనానికి నామవాచకం మారదు. ‘ఎ’, ‘ది’ వంటివి అసలు లేవు. (అవి మనకూ లేవు, అందుకే ఆ విషయంలో తెలుగు విద్యార్థికీ చైనా విద్యార్థికీ ఒకే రకం తప్పులు వస్తాయి.) ఇలాంటి భాషలో పెరిగిన మనిషికి ‘వర్క్స్’ చివర ఉన్న ఎస్ అర్థానికి అక్కరలేని అలంకారంగా కనబడడంలో వింతేమీ లేదు. గావోకావోలో ఒక చిన్న కథనంలో పది ఖాళీలు ఇచ్చి, వ్యాకరణ రూపాలతో నింపమని 15 మార్కులకు అడుగుతారు. విద్యార్థి ఆ పది ఖాళీలను సరిగ్గా నింపి, తర్వాత తన సొంత వ్యాసంలో అవే తప్పులు చేస్తాడు. ఖాళీ ఉన్నచోట ఏదో మార్చాలని అతనికి తెలుస్తుంది, సొంత వాక్యంలో ఖాళీ ఎక్కడుందో చూపించేవారు ఉండరు.

కాబట్టి బోధన వారి భాష నుంచే మొదలు కావాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. ‘సుయ్‌రాన్’ అని మొదలుపెడితే ‘దాన్‌షి’ అని ముగించడం చైనీస్‌లో చక్కని వాక్యం, అందుకే ఇంగ్లీషులోనూ ‘ఆల్‌దో’ తర్వాత ‘బట్’ వచ్చి చేరుతుంది. ‘నిన్న వచ్చిన మనిషి’ అనడానికి చైనీస్‌లో ‘జువోత్యెన్ లాయ్ ద రెన్’ అంటారు, అచ్చంగా మన తెలుగు వరుసే. ‘ది మ్యాన్ హూ కేమ్ యెస్టర్డే’ అని మనిషిని ముందుకు తేవడం వారికీ మనకూ ఒకే విధంగా ఎదురీత. ఈ సంగతి చెప్పినప్పుడు ఆమె ముఖంలో వెలుగు చూశాను. మూడేళ్ళుగా ‘హూ’ వంటి సంబంధవాచక సర్వనామాల నియమాలు చదువుతున్న ఆ అమ్మాయికి, తన భాషలో అదే పని ఏ వరుసలో జరుగుతుందో ఎవరూ చెప్పలేదు.

ఇక మాటల సంగతి. అక్కడ పదాలు కంఠస్థం చేయడాన్ని ‘బెయ్ దాన్‌త్సి’ అంటారు. ‘బెయ్’ అని చదివే ఆ అక్షరానికే వీపు అనే అర్థం కూడా ఉంది. వల్లె వేయడాన్ని నేను చిన్నచూపు చూడను. ఎక్కాలూ శతక పద్యాలూ అలా నేర్చుకున్నదాన్నే. కానీ పద్యంలో మాటలు ఒకదాని చేయి ఒకటి పట్టుకుని వస్తాయి, అర్థం పదేళ్ళ తర్వాత తెలిసినా అమరిక ముందే నాలుకకు అబ్బుతుంది. ఆమె పుస్తకంలో మాటలు అక్షరక్రమంలో, ఎవరికి వారుగా నిలబడి ఉండేవి. మొదటి మాట ‘అబాండన్’, అంటే వదిలేయడం. ఏ విద్యార్థిని అడిగినా ఆ మాట మాత్రం బాగా వచ్చు, ఎందుకంటే ఎన్నిసార్లు పట్టు వదిలి మళ్ళీ మొదలుపెట్టినా అక్కడి నుంచే మొదలుపెట్టాలి. చైనీస్‌లో ‘జ్యే’ అంటే అప్పు ఇవ్వడమూ అవుతుంది, తీసుకోవడమూ అవుతుంది. బారో, లెండ్ అనే రెండు మాటలకూ ఎదురుగా అదే అక్షరం రాసి ఉంటే తేడా ఎలా తెలుస్తుంది? మందును వారు ‘తింటారు’, మనం ‘వేసుకుంటాము’, ఇంగ్లీషులో ‘టేక్’ అంటారు. ఆ మందు మాట ఒంటరిగా నేర్చుకున్నవాడు ‘ఈట్ మెడిసిన్’ అనక మానడు.

పరీక్ష స్వరూపానిది కూడా ఇందులో పెద్ద బాధ్యత. సీఈటీ-4లో వినడానికీ చదవడానికీ చెరి 35 శాతం మార్కులుంటే, వ్యాసానికీ అనువాదానికీ చెరి 15 శాతమే. మాట్లాడే పరీక్ష విడిగా ఉంది, ఇష్టమైనవారే దానికి హాజరు కావచ్చు. మూడింట రెండు వంతులు గుర్తుపట్టడం మీదే నడిచే పరీక్షకు సిద్ధమయ్యేవారు మాటను గుర్తుపట్టడమే నేర్చుకుంటారు. ఫలితాన్ని వారే ‘యాబా యింగ్‌యూ’ అంటారు, అంటే మూగ ఇంగ్లీషు.

మేము చేసిన పని చిన్నది. ఆమె తన వ్యాసాన్ని ముందు చైనీస్‌లో రాసేది. ప్రతి వాక్యం కింద నేను మూడు ప్రశ్నలు రాసేదాన్ని: ఎప్పుడు, ఎన్ని, వినేవారికి ముందే తెలిసినదేనా. చైనీస్ వాక్యం చెప్పకుండా వదిలే సమాధానాలను ఆమె పెన్సిల్‌తో నింపి, ఆ తర్వాతే ఇంగ్లీషులోకి దిగేది. కొత్త మాటను దాని పక్కన వచ్చే మాటతో కలిపి మాత్రమే నోటుపుస్తకంలో ఎక్కించేది. డిసెంబరు పరీక్ష నాటికి ఆ పుస్తకంలో ఆరువందల జంటలు చేరాయి. తండ్రిని ‘షీ’ అన్న ఆ మెసేజ్, పరీక్ష రాసి బయటికి వచ్చాక, అనువాదం బాగా రాశానని ఆయనకు ఫోన్ చేసి చెబితే ఎంత సంతోషించారో మాకు చెప్పడానికి ఆమె పంపినది.